వేలి కింద పొర: ఈ నెల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల స్వీట్ షాపుల్లో ఫ్రిజ్ తలుపు అద్దానికి చెమ్మ ఎందుకు పట్టదో చెబుతూ, అలాంటి కరెంటు పొరే ఫోన్ తెర మీద కూడా ఉంటుందని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ బెంగళూరులో ఓ కోటింగ్ ప్లాంటులో నేను వేసింది ఆ పొరే కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. గ్యాస్ గీజర్ గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

మేడమ్, లోహాల్లో కరెంటు పోతుంది, గాజులో పోదు అని మా సైన్స్ సార్ చెప్పారు. లోహాల గుండా చూడలేం అని కూడా చెప్పారు. మరి ఫోన్ మీద కరెంటు పోయే పొర ఉంటే అది మనకు కనబడాలి కదా? బంగారు రేకులా బాగా పల్చగా చేస్తారా?
– పదో తరగతి విద్యార్థిని, సిద్దిపేట

మీ సార్ చెప్పిందీ నిజమే, నీకొచ్చిన అనుమానమూ సరైనదే. బాగా పల్చగా చేస్తే లోహం గుండా కూడా కొంత చూడొచ్చు. గాజు మీద పది ఇరవై నానోమీటర్ల బంగారం వేసి అందులోంచి చూస్తే అవతలివన్నీ ఆకుపచ్చ ఛాయలో కనిపిస్తాయి. విమానాల ముందద్దం మీద మంచు పేరుకోకుండా వేడి చేయడానికి అలాంటి బంగారు పొరలు వాడారు కూడా. పైలట్‌కి పర్లేదు కానీ, ఫొటోలన్నీ పచ్చగా కనబడే ఫోన్ నువ్వు కొంటావా?

అందుకని ఇంకో దారి పట్టారు. లోహాన్ని పల్చబరచడం మానేసి, మొదట్నుంచీ పారదర్శకంగా ఉండే పదార్థాన్నే తీసుకుని అందులో కరెంటు పోయేలా చేశారు. ఆ పదార్థం ఇండియం ఆక్సైడ్. ఒక పదార్థం వెలుగును మింగాలంటే ఆ వెలుగుకి అందులోని ఎలక్ట్రాన్‌ను పై స్థాయికి లేపే శక్తి ఉండాలి. ఇండియం ఆక్సైడ్‌లో అందుకు మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టుల పైనే కావాలి. మన కంటికి కనబడే వెలుగులో అన్నిటికంటే బలమైన ఊదా రంగుకే 3.1 దాటదు. ఎరుపుకైతే రెండు కూడా ఉండదు. కాబట్టి ఏ రంగునూ మింగలేక అన్నిటినీ వదిలేస్తుంది.

ఇక కరెంటు సంగతి. ఇండియం పరమాణువు మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, టిన్ (అదే తగరం) నాలుగు ఇస్తుంది. బరువులో తొంభై పాళ్ల ఇండియం ఆక్సైడ్‌కి పది పాళ్ల టిన్ ఆక్సైడ్ కలిపితే, కొన్ని ఇండియం స్థానాల్లో టిన్ కూర్చుంటుంది. కూర్చున్న చోటల్లా ఒక ఎలక్ట్రాన్ మిగిలిపోతుంది. అక్కడక్కడా ఆక్సిజన్ లేని ఖాళీలు కూడా ఎలక్ట్రాన్లను వదులుతాయి. ఈ మిగులు ఎలక్ట్రాన్లే కరెంటును మోస్తాయి. మొత్తం పేరు ఇండియం టిన్ ఆక్సైడ్, మేమంతా ఐటీఓ అంటాం.

అసలు చమత్కారం ఇక్కడుంది, పరీక్షలో రాకపోయినా చదువు. రాగిలో ఉన్న ఎలక్ట్రాన్లతో పోలిస్తే ఐటీఓలో తిరిగేవి దాదాపు వంద రెట్లు తక్కువ. ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉంటే అవన్నీ కలిసి వచ్చిన వెలుగును వెనక్కి కొడతాయి. లోహం మెరిసేది అందుకే. ఐటీఓలో ఉన్నవాటికి పరారుణ కిరణాలను కొట్టేంత బలమే ఉంది, కంటికి కనబడే వెలుగును కొట్టే బలం లేదు. అంటే చూపు సాగడానికి సరిపడా తక్కువ, కరెంటు పోవడానికి సరిపడా ఎక్కువ. బాగా కుదిరిన పొర కూడా రాగి కంటే వంద రెట్ల దాకా ఎక్కువ అడ్డుపడుతుంది. టచ్‌కి అది చాలు.

చూడాలని ఉంటే, ఇంట్లో మూలన పడేసిన పాత స్మార్ట్‌ఫోన్ ఆఫ్ చేసి ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకో. కొన్నిటి మీద లేతగా డైమండు గళ్లో, సన్న గీతలో కనిపిస్తాయి. పొర ఉన్న చోటుకీ, చెక్కేసిన చోటుకీ వెలుగు తిరిగొచ్చే తీరులో తేడా అది. కొత్త ఫోన్లలో ఆ తేడా తెలియకుండా నియోబియం ఆక్సైడ్, సిలికాన్ డయాక్సైడ్ పొరలు అదనంగా వేస్తారు. మా ప్లాంటుకి కస్టమర్లు తిప్పిపంపిన సరుకులో కరెంటు సరిగ్గా పోనిదాని కంటే, గీతలు కనబడుతున్నాయని పంపిందే ఎక్కువ.

మాది మొబైల్ రిపేర్ షాపు. ఒక టచ్ గ్లాస్ వివరాల్లో '150 ఓమ్స్ పర్ స్క్వేర్' అని ఉంది. స్క్వేర్ అంటే ఎన్ని మిల్లీమీటర్లు మేడమ్? నా మల్టీమీటర్ మాత్రం ఒక్కోచోట ఒక్కో రీడింగ్ చూపిస్తోంది. ఇంకోటి, టచ్ పోయిందని ఫోన్ వస్తే ఆలోచించకుండా కాంబో (టచ్, డిస్‌ప్లే కలిసిన సెట్టు) మార్చేయమంటాడు మా సప్లయర్. ఈ పొర నిజంగా అరిగిపోతుందా?
– షాపు యజమాని, ఖమ్మం

ఎన్ని మిల్లీమీటర్లయినా ఒకటే. పొర మందం మారనంత వరకు, గోరంత చదరానికీ గుమ్మమంత చదరానికీ ఎదురెదురు అంచుల మధ్య రెసిస్టెన్స్ సమానం. పొడుగు రెట్టింపైతే అడ్డు రెట్టింపవుతుంది, వెడల్పు రెట్టింపైతే సగమవుతుంది. చదరంలో రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి సరికి సరి. పట్టీలాంటి ముక్కకైతే అందులో ఎన్ని చదరాలు పడతాయో లెక్కపెట్టండి. 15 సెంటీమీటర్ల పొడుగు, 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే 30 చదరాలు. 30ని 150తో గుణిస్తే 4,500 ఓమ్‌లు.

మల్టీమీటర్ రీడింగ్ అటూ ఇటూ కావడం మామూలే. రెండు ముల్లులు పెట్టినప్పుడు ముల్లు అంటుకున్న చోటి అడ్డు కూడా లెక్కలో కలుస్తుంది. ఫ్యాక్టరీలో వరసగా నాలుగు ముల్లులున్న ప్రోబ్ వాడతాం. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూసి, వోల్టేజిని కరెంటుతో భాగించి 4.53తో హెచ్చవేస్తాం. పెద్ద షీటు నడిమధ్యన కొలిస్తే వచ్చేది అసలైన ఓమ్స్ పర్ స్క్వేర్. మీ పనికి ఇంత అక్కర్లేదు. విడి గాజులో పొర ఏ వైపు ఉందో తెలిస్తే చాలనుకుంటే మల్టీమీటర్ చాలు. పొర ఉన్న వైపు ఏదో ఒక అంకె వస్తుంది, లేని వైపు ఓఎల్, అంటే కరెంటుకి దారే లేదని చూపిస్తుంది. ముల్లు మాత్రం రుద్దకండి. టచ్ పొర మందం ఇరవై, ముప్ఫై నానోమీటర్లే, గీత పడితే పొరను చెక్కి చేసిన ఆ లైను అక్కడికి తెగినట్టే.

అరగడం గురించి: ఇప్పటి ఫోన్లలో అరగదు. వేలు అసలు దాన్ని తాకనే తాకదు, పైన గట్టి గాజు ఉంటుంది. అరిగేది పాత రెసిస్టివ్ తెరల్లో. పెన్నుతో నొక్కే పాత పీడీఏలు (అరచేతి కంప్యూటర్లు), కొన్ని పాత మెషీన్లు గుర్తున్నాయా? వాటిలో పై ప్లాస్టిక్ వంగి కింద పొరకి తగలాలి. ఒకేచోట వేలసార్లు నొక్కితే పెళుసైన ఐటీఓ అక్కడ చిట్లిపోయేది. 'టచ్ అరిగింది' అనే మాట ఆ రోజులనాటిది.

టచ్ కంప్లయింట్‌తో ఫోన్ వస్తే ముందు ఏదైనా డ్రాయింగ్ యాప్ తెరిచి, తెర మొత్తం నిండేలా వేలితో దగ్గర దగ్గరగా గీతలు గీయండి. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా నిట్టనిలువుగానో, అడ్డంగానో ఒక పట్టీ మొత్తం గీత పడకపోతే అక్కడ ఒక లైను తెగింది, లేదా అంచున ఫ్లెక్స్ కేబుల్ అతికించిన చోట చెమ్మ చేరింది. పగిలిన గాజులో పగులు పొర దాకా దిగితే ఇలాగే అవుతుంది. తెర మొత్తం చచ్చుబడితే పొర మీద అనుమానం ఆఖరున పెట్టుకోండి. కనెక్టర్ తీసి ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి మళ్లీ పెట్టి చూడండి. చాలా ఫోన్లు అక్కడే లేచి కూర్చుంటాయి. టచ్ దానంతటదే ఎక్కడెక్కడో పడుతుంటే కింద రాజమండ్రి ఆవిడకి రాసింది చదవండి.

మీ సప్లయర్ చెప్పేది పూర్తిగా అబద్ధమేమీ కాదు. 2012లో వచ్చిన ఐఫోన్ 5 దగ్గర్నుంచి టచ్ పొరను ఎల్‌సీడీ లోపలే పెట్టడం పెరిగింది. అలాంటి ప్యానెల్‌లో నిజంగా లైను పోతే రెంటినీ విడదీయలేరు, కాంబోనే గతి. కానీ తుడిచి చూడకుండా కాంబో అమ్మడం మాత్రం వ్యాపారం.

ఛార్జింగ్ పెట్టి మాట్లాడుతుంటే ఫోన్ దానంతటదే మ్యూట్ అయిపోతోందండి, వేరేవాళ్లకి కాల్ వెళ్లిపోతోందండి. చెయ్యి తడిగా ఉంటే అసలు మాట వినదు. గోరుతో నొక్కితే పలకదు. మొన్న చేతిలో దోసకాయ ముక్క ఉండగా అది తగిలి కాల్ కట్టయిపోయింది! కొని ఏడాది కూడా కాలేదు. పొర పాడైపోయిందంటారా?
– గృహిణి, రాజమండ్రి

మీ పొర భేషుగ్గా ఉందండీ. దోసకాయ ముక్కను పట్టుకుందంటే ఇంకేం కావాలి?

తెరలో ఐటీఓని అడ్డ వరసలుగా, నిలువు వరసలుగా చెక్కి ఉంచుతారు. ఒక వరసలోకి సన్నటి కరెంటు దడలు పంపుతూ, అడ్డంగా ఉన్న వరసల్లో అవి ఎంతవరకు అందుతున్నాయో ఒక చిప్ చూస్తుంటుంది. రెండు వరసలు దాటుకునే ప్రతి చోటా ఒక చిన్న కెపాసిటర్ ఉన్నట్టు లెక్క, అదీ పికోఫారడ్ల స్థాయిలో. మన ఒంట్లో ఉప్పునీరు ఉంటుంది కాబట్టి వేలు దగ్గరికొస్తే అందులో కొంత విద్యుత్ క్షేత్రం వేలి వైపు మళ్లుతుంది. ఏ కూడలిలో తగ్గిందో చూసి, వేలు అక్కడుందని చిప్ తేలుస్తుంది. సెకనుకు అరవై సార్లో, నూట ఇరవై సార్లో, కొన్ని ఫోన్లలో ఇంకా ఎక్కువ సార్లో ఈ లెక్క తిరుగుతుంది.

గోరు ఎండిన పదార్థం, కరెంటును పోనివ్వదు. దోసకాయలో ఉన్నదంతా నీళ్లూ లవణాలే. అది మీ చేతిలో ఉంది కాబట్టి చిప్‌కి అది మీ వేలి కొసలాగే కనిపిస్తుంది. ఇదేం కొత్త కాదు. 2010 చలికాలంలో దక్షిణ కొరియాలో గ్లవ్స్ తీయడానికి బద్ధకించి, చిన్న చిన్న సాసేజ్‌లు కొనుక్కుని వాటితో ఫోన్ నొక్కారు జనం. పేపర్లలో కూడా వచ్చింది. మన బెండకాయ కూడా పనికొస్తుంది, కాకపోతే తెరంతా జిగురు.

తడి చెయ్యి సంగతి వేరు. ఒక నీటి చుక్క పక్కపక్క వరసలను కలిపేస్తుంది. వేలు తగిలితే తగ్గాల్సిన సంకేతం ఒకచోట పెరుగుతుంది, ఒకచోట తగ్గుతుంది. చిప్‌కి ఒక వేలా, మూడు వేళ్లా తేలదు. తడిని గుర్తుపట్టి సర్దుకునే ఫోన్లు వచ్చాయి, అయినా పొడి నూలుగుడ్డను మించిన మందు లేదు.

ఛార్జింగ్‌లో వచ్చే దయ్యం మాత్రం అడాప్టర్‌ది. ఇంటి కరెంటును ఐదు వోల్టులకు దించే క్రమంలో చవక అడాప్టర్ హైఫ్రీక్వెన్సీ గోలను ఫోన్ అంతటికీ ఎక్కిస్తుంది. మీరు తాకగానే ఆ గోల మీ వేలి గుండా దారి వెతుక్కుంటుంది. పికోఫారడ్‌లో ఏ కొద్ది భాగమో మారిందని కనిపెట్టాల్సిన చిప్‌కి ఆ గోలలో లేని వేళ్లు కనిపిస్తాయి. వైరు పీకి చూడండి. ఆ క్షణమే ఆగిపోతే ఫోన్ నిక్షేపం, అడాప్టర్ మార్చండి. బాక్సులో వచ్చిన అడాప్టర్‌తోనే అలా అవుతుంటే వారంటీ ఉండగానే చూపించండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ ఎత్తొద్దని మా ఇంట్లో చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. మీరైనా వినండి.

మా హైస్కూల్లో తరగతి గదికి బోర్డులా వాడే పెద్ద టచ్ తెర, అంటే ఐఎఫ్‌పీ ప్యానెల్ పెట్టారు. దానిమీద పుల్లతో గీసినా, కర్చీఫ్ తగిలినా, చివరికి పురుగు వాలినా టచ్ అవుతోంది. ఫోన్‌లో అలా అవదు కదా? ఈమధ్య కుడి పక్కన కొంత మేర అసలు పనిచేయడం లేదు.
– ఉపాధ్యాయుడు, పార్వతీపురం

మాస్టారూ, పుల్లకి కూడా పలుకుతోందంటే దానిలో మనం మాట్లాడుకుంటున్న పొరే లేదు. తెర చుట్టూ కొంచెం ఎత్తుగా గట్టులా అంచు ఉందేమో చూడండి. ఆ అంచు లోపల పరారుణ ఎల్ఈడీలు, ఎదురుగా వాటిని చూసే సెన్సర్లు వరసగా ఉంటాయి. గాజుకి కాస్త పైన అడ్డంగా, నిలువుగా కనబడని కిరణాలు పరుచుకుని ఉంటాయి. ఏది అడ్డొచ్చినా టచ్ కిందే లెక్క. పురుగుకీ మీకూ దానికి తేడా తెలియదు.

అంత పెద్ద తెరకు ఫోన్ పద్ధతి ఎందుకు వాడరంటే, ఖమ్మం షాపాయనకి చెప్పిన చదరాల లెక్కే కారణం. 75 అంగుళాల తెర వెడల్పు సుమారు 165 సెంటీమీటర్లు. 5 మిల్లీమీటర్ల ఐటీఓ పట్టీ ఆ చివర నుంచి ఈ చివరకు వెళితే 330 చదరాలు, అంటే దాదాపు 50,000 ఓమ్‌లు. దడ ఆ చివరకు చేరేసరికి నీరసించిపోతుంది. పెద్ద తెరకు ఫోన్‌లాంటి టచ్ కావాలంటే ఐటీఓ బదులు సన్నటి రాగి గీతల జాలీ వాడాలి. అవీ ఉన్నాయి, ధర ఎక్కువ.

కుడి పక్క పనిచేయనిది అంచులో చాక్‌పీస్ పొడి పేరుకునో, ఎవరో సెల్లోటేప్ అంటించో అయ్యుండొచ్చు. ప్యానెల్ ఆపి, అంచు లోపలి వైపు మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే కర్టెన్ వేయండి, ఎండలోనూ పరారుణం ఉంటుంది. దాంతో సర్దుకోకపోతే ఎల్ఈడీ వరస పోయినట్టే, కంప్లయింట్ ఇవ్వాల్సిందే.

అక్కా, పాత డిస్‌ప్లేల నుంచి ఇండియం తీస్తే లక్షలొస్తాయని యూట్యూబ్‌లో చూశాను. మా బాబాయ్ స్క్రాప్ షాపులో మూడు గోనెల పాత ఫోన్ డిస్‌ప్లేలు ఉన్నాయి. యాసిడ్‌లో నానబెడితే వచ్చేస్తుందట. చేయమంటారా?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

వద్దు తమ్ముడూ. ముందు లెక్క చూడు, తర్వాత భయం చెబుతాను.

ఫోన్ తెర విస్తీర్ణం సుమారు వంద చదరపు సెంటీమీటర్లు. పొర మందం 25 నానోమీటర్లు అనుకో. ఐటీఓ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7 గ్రాముల పైచిలుకు. గుణిస్తే రెండు మిల్లీగ్రాములు కూడా రాదు, అందులో ఇండియం నాలుగింట మూడొంతులు. రెండు మూడు పొరలున్నాయనుకున్నా ఒక్కో డిస్‌ప్లేకి మూడు నాలుగు మిల్లీగ్రాములు. గోనెకి వెయ్యి చొప్పున మూడు వేల డిస్‌ప్లేలు ఉన్నా, ఒక్క రవ్వ కూడా పోకుండా తీసినా, పది పన్నెండు గ్రాములు. కిలో ఇండియం కొన్ని వందల డాలర్లు పలుకుతుంది. అంటే నీ పది గ్రాములకి వచ్చేది వెయ్యి రూపాయల లోపే. యాసిడ్ ఖర్చు, నీ కూలి తీసేస్తే ఎంత మిగులుతుందో నువ్వే చూసుకో.

మరి ఇండియం రీసైక్లింగ్ జరగదా అంటే బ్రహ్మాండంగా జరుగుతుంది, కానీ ఫోన్ల నుంచి కాదు, మా ప్లాంట్లలాంటి చోట్ల నుంచి. పొర వేయడానికి ఐటీఓ పలక ఒకటి చాంబర్‌లో బిగిస్తాం, దాన్ని టార్గెట్ అంటాం. ఆర్గాన్ అయాన్లు దాన్ని కొట్టి పరమాణువులను రాలగొడతాయి. వెనక అయస్కాంతాల మూలంగా ఆ దెబ్బలన్నీ రేస్ ట్రాక్ ఆకారంలో ఒకే దారిలో పడతాయి. ఆ ట్రాక్ లోతుగా అరిగిపోయేసరికి పలకలో మూడో వంతు ఖర్చవుతుంది, మిగతా రెండొంతులు అలాగే ఉంటుంది. స్తంభంలా గుండ్రంగా తిరిగే టార్గెట్లు వచ్చాక ఆ వృథా బాగా తగ్గింది. అరిగిన పలకలను, చాంబర్ గోడలకు పేరుకున్న పెచ్చులను కిలోల లెక్కన తూచి వెనక్కి పంపేవాళ్లం. లాభం అక్కడుంది.

మీ ఊరికి ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఇండియానికి విడిగా గనులుండవు. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో రైష్, రిక్టర్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టింది జింకు ఖనిజాన్ని పరీక్షిస్తుండగానే. ఇప్పటికీ అది జింకు శుద్ధిలో ఉపఉత్పత్తిగానే వస్తుంది. చైనా, దక్షిణ కొరియా, జపాన్ ఎక్కువగా తీస్తాయి. ఇండియం ధర పెరిగిందని ఎవరూ అదనంగా జింకు తవ్వరు కాబట్టే ధర ఉన్నట్టుండి ఎగురుతుంది, ఉన్నట్టుండి పడుతుంది. మీ మింది జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది కదా, అందులో పనిచేసిన పెద్దలెవరైనా దగ్గర్లో ఉంటే ఉపఉత్పత్తుల లెక్క ఎంత సున్నితమో అడుగు.

ఇక భయం. యాసిడ్ పొగ ఊపిరి తీస్తుందని చెప్పక్కర్లేదు. ఐటీఓ పొడి అంతకంటే నెమ్మదిగా తీస్తుంది. ఐటీఓను అరగదీసే పనిచేసిన ఓ యువకుడు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయిన సంగతి జపాన్ వైద్యులు 2003లో ప్రచురించారు. ఆ తర్వాతే ఈ పరిశ్రమ మాస్కుల గురించి, గాలి వడపోత గురించి గట్టిగా పట్టించుకుంది. గోనెల్లో పాత మానిటర్ల, లాప్‌టాప్‌ల తెరలు కూడా కలిసి ఉంటే వాటి సన్న ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది, వాటినసలు పగలగొట్టొద్దు. గోనెలు కదపకుండా, అధికారిక ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి అమ్మేయమని బాబాయ్‌కి చెప్పు.

టెంపర్డ్ గ్లాస్ వేయిస్తే టచ్ తగ్గుతుందా?
– నల్లగొండ నుంచి ఒకరు

కొంచెం తగ్గుతుంది, మామూలుగా వాడేవాళ్లకి తెలియదు. వేలికీ పొరకీ దూరం పెరిగేకొద్దీ సంకేతం చిన్నదవుతుంది. మందం తక్కువున్నదీ, మొత్తం జిగురుతో అంటుకునేదీ తీసుకోండి. అంచులకే జిగురుండి మధ్యలో గాలి నిలిచే రకాలతోనే ఇబ్బంది. గాలి గుండా విద్యుత్ క్షేత్రం గాజు గుండా వెళ్లినంత బాగా వెళ్లదు. సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ పెంచే బటన్ ఉంటే ఆన్ చేయండి.

నేను ఎం.టెక్ మెటీరియల్స్ చదువుతున్నాను. గ్రాఫీన్, సిల్వర్ నానోవైర్ వచ్చి ఐటీఓ పని అయిపోతుందని ప్రతి రీసెర్చ్ పేపర్ మొదటి పేరాలో రాస్తున్నారు. నిజంగా ఈ రంగంలో ఉద్యోగాలు ఎటు వైపు ఉంటాయి? ప్రాజెక్ట్ ఏది తీసుకోమంటారు?
– విద్యార్థి, వరంగల్

ఆ మొదటి పేరా నేను ఉద్యోగంలో చేరినప్పుడూ ఉంది, మానేసినప్పుడూ ఉంది. ఐటీఓ మాత్రం ఇంకా పోతూనే ఉంది!

ఫిర్యాదులు నిజమే. పెళుసు. ప్లాస్టిక్ మీద వేసి రెండు మూడు శాతం సాగదీస్తే పగుళ్లొస్తాయి. ఇండియం సంగతి పైన చెప్పాను. వాక్యూమ్ యంత్రాల ఖరీదు ఎక్కువ. ఇన్ని ఉన్నా, వచ్చిన ప్రతి ప్రత్యర్థికీ ఒక్కో కిటుకు అడ్డుపడింది. వెండి నానోతీగలు సిరాలా పూయొచ్చు, వంచొచ్చు. కానీ వెలుగును చెదరగొట్టి తెర మీద పాలలాంటి మసక తెస్తాయి, గాలిలోని గంధకానికి నల్లబడకుండా కాపాడాలి. పెడాట్ అనే కరెంటు పోయే పాలిమర్‌కి లేత నీలం ఛాయ, తేమంటే పడదు. గ్రాఫీన్ అనే కార్బన్ పొర మీద అందరికీ ఆశ పుట్టింది 2010లో. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు 30 అంగుళాల గ్రాఫీన్ ఫిల్మ్ రోల్ పద్ధతిలో తీసి, 90 శాతం వెలుగు వెళ్లేలా 30 ఓమ్‌ల దాకా తెచ్చి చూపించారు. అంకెలు ఐటీఓకి దీటుగా ఉన్నాయి. కానీ రాగిరేకు మీద పెంచిన ఆ ఒంటి పరమాణువు మందపు పొరను చిరగకుండా, ముడతపడకుండా ప్లాస్టిక్ మీదకి మార్చి, రోజూ వేల చదరపు మీటర్లు తీయాలి. ఐటీఓ లైన్లేమో అప్పటికే పెట్టుబడి రాబట్టుకుని చవగ్గా నడుస్తున్నాయి. పేపర్‌లో గెలిచినవాళ్లు కొటేషన్‌లో ఓడిపోయారు.

ఐటీఓ నుంచి నిజంగా చోటు లాక్కున్నది ఎవరూ పెద్దగా పొగడని లోహపు జాలీ. కొన్ని మైక్రోమీటర్ల వెడల్పున్న గీతలు, మధ్యలో అంతా ఖాళీ. ఎల్‌సీడీ పైన విడిగా పెడితే పిక్సెల్ వరసలతో కలిసి అలల్లాంటి మచ్చలు పడేవి. ఓఎల్ఈడీ తెరలొచ్చాక ఆ తలనొప్పి తగ్గింది. ఓఎల్ఈడీ మూతపొర మీదే గీతలను పిక్సెల్‌ల చుట్టూ తిరిగేలా గీసేస్తారు, వెలుగుకి అడ్డురావు. మడత ఫోన్లలో ఐటీఓ నిలవలేని చోట ఈ జాలీ నిలబడింది.

మీలాంటివాళ్లకి నేను చూపించే పని మాత్రం బెంగళూరులోని రెండు పరిశోధన సంస్థల్లో జరిగింది. జేఎన్‌సీఏఎస్ఆర్‌లోనూ, తర్వాత సెన్స్ సంస్థలోనూ ప్రొఫెసర్ గిరిధర్ కులకర్ణి బృందం చేసింది. వేసవిలో చెరువు అడుగు ఎండి నెర్రెలిచ్చినట్టు, ఎండితే పగిలే ద్రవాన్ని గాజు మీద పూస్తారు. మైక్రోమీటర్ల వెడల్పుతో పగుళ్ల వల ఏర్పడుతుంది. దానిమీద లోహం వేస్తే పగుళ్లలోకి దిగి గాజుకి అంటుకుంటుంది. ఆపైన పూతను కడిగేస్తే లోహపు వల ఒక్కటే మిగులుతుంది. గీతల అచ్చులాంటి మాస్క్ అక్కర్లేదు, వెలుగుతో గీతలు చెక్కే లితోగ్రఫీ అక్కర్లేదు. పగుళ్లకి ఒక వరస అంటూ ఉండదు కాబట్టి ఇందాక చెప్పిన అలల మచ్చల గొడవా లేదు. మన ల్యాబుల్లో ఉండే సామానుతో చేయగలిగిన ప్రాజెక్ట్ ఇది.

ఉద్యోగాల సంగతికొస్తే, పదార్థం ఏదైనా పొర వేసేది ఎక్కువగా వాక్యూమ్‌లోనే, కాబట్టి వాక్యూమ్ నేర్చుకోండి. ఐటీఓనే తీసుకోండి. ఆర్గాన్‌లో కలిపే ఆక్సిజన్ ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయితే చాలు. తక్కువైతే పొర గోధుమ రంగు తిరుగుతుంది, ఎక్కువైతే చక్కగా తేటగా వచ్చి కరెంటు పోదు. పెట్ ప్లాస్టిక్ రోల్ తనలో దాచుకున్న తేమను చాంబర్‌లో వదులుతూనే ఉంటుంది, ఆ ఆవిరి కూడా ఆక్సిజన్ లెక్కను తారుమారు చేస్తుంది. వానాకాలంలో మా రీడింగులు కుదిరేవి కావు. కిటికీ అద్దంలోంచి చూస్తే టార్గెట్ మీద ఊదారంగు వలయం నిశ్చలంగా ఉండాలి. మధ్యమధ్య తెల్లటి మెరుపులు మెరుస్తుంటే టార్గెట్ మీద నల్ల గడ్డలు లేచాయని అర్థం, ఆపి శుభ్రం చేయాల్సిందే. ప్లాస్టిక్ కరిగిపోకుండా చల్లగా వేసిన పొర స్ఫటికంగా ఉండదు. తర్వాత నూట యాభై డిగ్రీల దగ్గర కాల్చితేనే స్ఫటికమై రెసిస్టెన్స్ దిగుతుంది. ఇవన్నీ చేతులతో చేసినవాళ్లు ఫోన్ తెరల దగ్గరే ఆగక్కర్లేదు. సోలార్ సెల్స్‌కీ, కిటికీ అద్దాలకూ కూడా వీళ్లు కావాలి.

ప్రాజెక్ట్ ఏది తీసుకున్నా, ఫిల్మ్ వేసి, మైక్రోస్కోప్ ఫొటో తీసి, మొదటి రోజు ఓమ్స్ పర్ స్క్వేర్ రాసి ఊరుకోకండి. అదే ఫిల్మ్‌ను 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న పెట్టెలో వారాల తరబడి ఉంచి, మధ్యమధ్య తీసి కొలిచి గ్రాఫ్ గీయండి. నేను ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నప్పుడు అందరికంటే ముందు ఆ గ్రాఫే అడిగేదాన్ని.